రచ్చ గెలిచిన మరమనిషి ఇంట గెలిచేనా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మధ్యాహ్నం పనులు ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు యంత్రాల గొడవ మనకెందుకమ్మా అంటారేమో. పోయిన నెల వరకూ నాకూ ఆ ధ్యాస లేదు. అమెరికాలో, డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, ఇంటి పని చేసే మరమనిషి వస్తోందట. 200 డాలర్లు కట్టి పేరు రాయించుకోవాలట. వద్దనుకుంటే తిరిగి ఇచ్చేస్తారట. రాయించుకోనా?" అని అడిగింది.

దాని కష్టం నాకు తెలియనిది కాదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్తులే. పెద్దవాడు పుట్టినప్పుడు నేను వెళ్ళి ఆరు నెలలు ఉండి, అన్నీ చేసిపెట్టి వచ్చాను. వాడికిప్పుడు రెండేళ్ళు. మా అమ్మాయికి మళ్ళీ నెల తప్పింది. ఈసారి నా మోకాళ్ళు నన్ను విమానం ఎక్కనిచ్చేటట్టు లేవు. సంగతి అర్థమైంది కదా? నేను వెళ్ళవలసిన చోటికి ఆ మరమనిషి వస్తానంటోందన్నమాట! అందుకే నవ్వి ఊరుకోలేకపోయాను. "తొందరపడకు, నేనూ కాస్త కనుక్కుని చెప్తాను" అన్నాను.

కుక్కరు కొనాలన్నా, గ్రైండరు కొనాలన్నా మనం పదిమందిని అడుగుతాం. మరి ఇంట్లో తిరిగే యంత్రాన్ని తెచ్చుకోవాలంటే అడగవద్దూ? మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలు చూశాను. కంపెనీలవాళ్ళు తమ గురించి చెప్పుకున్నవీ, విలేఖరులు వెళ్ళి చూసి రాసినవీ చదివించుకున్నాను. నాకు తేలిన సంగతులు మీ ముందు పెడతాను.

ముందు ఈ 'రోబో' అనే మాట ఎక్కడిదో చూద్దాం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం ద్వారా అది లోకానికి తెలిసింది. ఆ పేరు ఆయనకి అందించింది వాళ్ళ అన్నయ్య జోసెఫ్. వాళ్ళ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరి. చూశారా, పేరులోనే చాకిరి ఉంది! 1973లో జపానులోని వసేదా విశ్వవిద్యాలయంవారు కాళ్ళూ చేతులూ ఉన్న నిలువెత్తు మరమనిషిని నడిపించారు. 2000లో హోండా కంపెనీ 'అసిమో' అనే నాలుగడుగుల బొమ్మని లోకానికి చూపించింది. అది మెట్లెక్కింది, పరిగెత్తింది, పానీయం గ్లాసులో పోసి అందించింది. చూసినవాళ్ళు రేపో మాపో మన ఇంటికీ వస్తుందనుకున్నారు. ఏ ఇంటికీ అమ్మకానికి రాకుండానే అసిమో 2022లో విరామం తీసుకుంది. ఈ సంగతి కొంగున ముడి వేసుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు మనిషి ఆకారమే ఎందుకు? బట్టలుతికే మిషనుకి చేతులున్నాయా? గ్రైండరుకి కాళ్ళున్నాయా? వాటి పని అవి చక్కగా చేయడం లేదూ? ఈ ప్రశ్నకి కంపెనీలవారు చెప్పే జవాబు ఒకటుంది. మన ఇళ్ళు మనిషి కొలతకి కట్టినవి. గడప, మెట్లు, తలుపు గొళ్ళెం, కుళాయి, అటక అన్నీ మన చేతికీ కాలికీ అందేట్టు అమర్చుకున్నవే. పనికొక యంత్రం కొనేకంటే, ఈ ఇంట్లోనే తిరుగుతూ అన్ని పనులూ చేసే యంత్రం ఒకటి ఉంటే మేలు కదా అంటారు. మాట సబబుగానే ఉంది. కాని ఆ అన్ని పనులూ వచ్చినప్పుడు గదా!

మన ఇస్రోవారు 2020లో బెంగుళూరులో చూపించిన 'వ్యోమమిత్ర' సంగతి చూడండి. ఆడమనిషి రూపం, కాళ్ళు లేవు. మనుషుల్ని అంతరిక్షానికి పంపేముందు, మనుషులు లేని నౌకలో శ్రీహరికోట నుంచి పంపి పరీక్షించడానికి దాన్ని తయారుచేశారు. ఆసనంలో కూర్చుని మీటలు చూసుకునే పనికి నడక ఎందుకు? పనిని బట్టి ఆకారం ఇచ్చారు. మనం కూడా ఆకారం చూసి మురిసిపోకుండా పని చూడాలి.

సరే, ఇప్పుడు వినిపిస్తున్న పేర్లు ఒక్కొక్కటే చూద్దాం. పెళ్ళి సంబంధాలు వాకబు చేసినట్టే అనుకోండి. ఎత్తు, బరువు సరే, ఏం పని చేస్తుంది, సొంత కాళ్ళ మీద నిలబడుతుందా అన్నది ముఖ్యం.

మొదటిది ఆటపాటల జట్టు. చైనాలో యూనిట్రీ అని ఒక కంపెనీ ఉంది. 2025 జనవరిలో వాళ్ళ కొత్త సంవత్సరం పండగకి టీవీలో ఈ కంపెనీ మరమనుషులు రంగు రుమాళ్ళు తిప్పుతూ నాట్యం చేశాయి. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. వాళ్ళదే 'జీ వన్' అనేది నాలుగడుగుల పైచిలుకు ఎత్తు, 35 కిలోల బరువు. 2024లో వచ్చినప్పుడు దాని ధర 16,000 డాలర్ల నుంచి మొదలైంది. ఒకసారి ఛార్జి చేస్తే సుమారు రెండు గంటలు. ఆ ధరకి వేళ్ళు కదిలే చేతులు రావు, అవి విడిగా కొనుక్కోవాలి! 2025లో 'ఆర్ వన్' అని ఇంకా చవక రకం తెచ్చారు, 5,900 డాలర్లు. పల్టీలు కొడుతుంది. కాలేజీల్లో, పరిశోధనశాలల్లో నేర్చుకునేవారికి ఇవి చాలా ఉపయోగం. మన అంట్ల గిన్నెల జోలికి మాత్రం రావు.

2025 ఏప్రిల్లో బీజింగులో మనుషులతో పాటు మరమనుషులకీ 21 కిలోమీటర్ల పరుగు పందెం పెట్టారు. రెండింటికీ మధ్య కంచె కట్టారు లెండి. 21 మరమనుషులు బయలుదేరితే చివరిదాకా చేరినవి ఆరు. వాటిలో గెలిచిన 'త్యెన్‌గోంగ్ అల్ట్రా'కి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు, ఒకసారి పడింది కూడా. పక్కనే మనుషులు కాపు కాస్తూ పరిగెత్తారు. మనుషుల్లో మొదటివాడు గంటా రెండు నిమిషాల్లో ముగించాడు. యంత్రం అంత దూరం రావడం గొప్పే. కాని వెంట మనుషులు పరిగెత్తాల్సి వచ్చిందన్న సంగతి మనం మరిచిపోకూడదు.

రెండవది ఫ్యాక్టరీ జట్టు. అమెరికాలో 'డిజిట్' అనేది ఉంది. పక్షి కాళ్ళలా వెనక్కి వంగే మోకాళ్ళు. 2024 నుంచి జార్జియా రాష్ట్రంలో ఒక గిడ్డంగిలో ప్లాస్టిక్ తొట్లు ఎత్తి పట్టాల మీద పెట్టే పని చేసింది. 2025 నవంబరు నాటికి లక్ష తొట్లు మోసిందని కంపెనీ ప్రకటించింది. జీతానికి కుదిరిన మరమనుషుల్లో ముందుగా చెప్పుకోవలసింది దీన్నే. అయితే మనుషులు తిరిగే చోటికి దాన్ని రానివ్వకుండా, గిరి గీసి దాని హద్దులో దాన్ని ఉంచుతారు.

'ఫిగర్' అనే మరో కంపెనీ తమ మరమనిషిని సౌత్ కెరొలినాలోని బి.ఎం.డబ్ల్యూ. కార్ల ఫ్యాక్టరీలో పెట్టింది. ఇనుపరేకుల భాగాలు తీసి అచ్చులో అమర్చడం దాని పని. పదకొండు నెలల్లో 90,000 పైగా భాగాలు అమర్చిందని 2025లో కంపెనీయే లెక్క చెప్పింది. ఎక్కువగా చెడిపోయిన అవయవం ముంజేయి అని కూడా ఒప్పుకుంది. చపాతీలు ఒత్తే మనకి ఆశ్చర్యం లేదు లెండి! ఇక బోస్టన్ డైనమిక్స్‌వారి 'అట్లాస్'. 2013లో వచ్చిన పాతదాన్ని 2024లో పక్కన పెట్టి, కరెంటు మోటార్లతో నడిచే కొత్తది తెచ్చారు. నడుమూ మెడా గిర్రున వెనక్కి తిప్పేస్తుంది. దీని చూపు కూడా కార్ల ఫ్యాక్టరీల మీదే.

ఫ్యాక్టరీలో తొట్టి ఎప్పుడూ తొట్టిలాగే ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది. మన ఇంట్లో అలా ఉంటుందా? పొద్దున ఇక్కడ పెట్టిన చెంచా సాయంత్రానికి మనవడి బొమ్మల బుట్టలో తేలుతుంది.

మూడవది వాగ్దానాల జట్టు. టెస్లా కంపెనీవారి 'ఆప్టిమస్'. 2021లో దాని గురించి మొదటిసారి ప్రకటించినప్పుడు వేదిక మీద నాట్యం చేసింది మరమనిషి వేషం వేసుకున్న నిజమైన మనిషి! 2022లో అసలు నమూనా చూపించారు. 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ దగ్గర పెద్ద వేడుక చేసి, ఈ ఆప్టిమస్‌ల చేత అతిథులకు పానీయాలు పోయించారు, కబుర్లు చెప్పించారు. అందరూ అబ్బురపడ్డారు. తర్వాత తెలిసిందేమంటే, వాటిని చాలావరకు దూరం నుంచి మనుషులే ఆడించారట. మన తోలుబొమ్మలాట గుర్తుకొచ్చింది నాకు. మన ఆటలో తెర వెనక మనిషి ఉన్నాడని అందరికీ తెలుసు. తేడా అదే.

నాలుగవది మా అమ్మాయి అడిగిన జట్టు, ఇంటికి వస్తామనేవి. 'నియో' అనేదాన్ని నార్వే దేశంలో మొదలై అమెరికాలో స్థిరపడ్డ 'వన్ ఎక్స్' కంపెనీ 2025 అక్టోబరులో అమ్మకానికి ప్రకటించింది. అయిదున్నర అడుగులు, 30 కిలోలు. ఒంటికి అల్లిన మెత్తటి బట్ట తొడుగు. ఫ్రిజ్ కంటే తక్కువ చప్పుడు చేస్తుందంటారు. ఒకసారి ఛార్జి చేస్తే నాలుగు గంటలు. ధర 20,000 డాలర్లు, మన డబ్బులో 17, 18 లక్షల దాకా. లేదంటే నెలకి 499 డాలర్ల అద్దె. ఫిగర్‌వారు కూడా అదే నెలలో మెత్తటి బట్ట తొడిగిన కొత్త రకాన్ని చూపించి, ఇది ఇంటి కోసమే అన్నారు.

ఈ నియోని ఒక అమెరికన్ పత్రికా విలేఖరి, ఆవిడా ఆడమనిషే, స్వయంగా వెళ్ళి పరీక్షించింది. పది అడుగుల దూరంలో ఉన్న ఫ్రిజ్ నుంచి మంచినీళ్ళ సీసా తెచ్చివ్వడానికి నిమిషం పైన పట్టింది. గిన్నెలు కడిగే మిషనులో మూడంటే మూడు సామాన్లు సర్దడానికి అయిదు నిమిషాలు. అదైనా తనంతట తాను చేసిందా? లేదు. కళ్ళకి అద్దాల పెట్టె తగిలించుకున్న కంపెనీ మనిషి ఒకాయన మరో గదిలో కూర్చుని దాన్ని ఆడించాడు. కొన్ని పనులు అదే చేస్తుంది, రానివాటికి ఇలా మనిషి సాయం ఉంటుంది, చేయగా చేయగా నేర్చుకుంటుంది అని కంపెనీ దాచకుండానే చెప్పింది. ఇంటివాళ్ళ అనుమతి లేకుండా ఆ మనిషి లోపలికి చూడడనీ, ఇంట్లోవాళ్ళ రూపాలు మసకగా కనిపించేట్టు చేస్తామనీ కూడా చెప్పింది. నిజాయితీకి మెచ్చుకోవాలి. ఇంకో నియమం ఉంది. మరీ వేడిది, మరీ బరువైనది, మరీ పదునైనది దాని చేత ముట్టనివ్వరు. మంచి జాగ్రత్తే. కాని పొయ్యి, బిందె, కత్తిపీట - ఈ మూడూ తీసేస్తే మన వంటింట్లో మిగిలే పని ఎంత?

ఇవన్నీ చూశాక, మరమనిషిని బేరీజు వేయడానికి అయిదు ప్రశ్నలు రాసుకున్నాను. మీ పిల్లలో, మనవలో అడిగితే మీకూ పనికొస్తాయి.

ఒకటి, ఈ పని ఎవరు చేస్తున్నారు? యంత్రమా, తెర వెనక మనిషా? వీడియో చూసేటప్పుడు ముందు ఇది అడగండి. రెండు, ఎంతసేపట్లో చేసింది? చాలా వీడియోలు వేగం పెంచి చూపిస్తారు. గోడ గడియారం పక్కన పెట్టి చూపించమనండి. మూడు, ఎవరింట్లో చేసింది? వాళ్ళు సర్దిపెట్టుకున్న గదిలోనా, రెండేళ్ళ పిల్లాడు తిరిగే ఇంట్లోనా?

నాలుగు, పడితే ఏమిటి? ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మిక్సీకి కరెంటు ఆపితే ఆగిపోతుంది. రెండు కాళ్ళ మీద నిలబడే యంత్రం అలా కాదు. నిలబడటానికే దానికి కరెంటు కావాలి, ఆపితే కూలిపోతుంది. నియో లాగా 30 కిలోలైనా, పక్కన పసివాడుంటే? 2015లో కాలిఫోర్నియాలోని పొమోనాలో మరమనుషులకి పెద్ద పోటీ జరిగింది. తలుపు తీసుకుని లోపలికి పోవడం, మర తిప్పడం, మెట్లెక్కడం వంటి పనులు. ఎన్నో యంత్రాలు తలుపు దగ్గరా, మట్టిదిబ్బల దగ్గరా ధబాలున పడ్డాయి. గెలిచిన కొరియావారి యంత్రం ఏం చేసిందో తెలుసా? మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడ అమర్చిన చక్రాల మీద దొర్లుకుంటూ పోయింది! నా మోకాళ్ళకీ ఆ సదుపాయం ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు.

అయిదు, దాని కళ్ళలోంచి ఎవరు చూస్తారు? దానికి కెమెరాలున్నాయి. పడకగదిలోకీ, పిల్లల స్నానాల గదిలోకీ వచ్చే కళ్ళవి. ఆ బొమ్మలు ఎక్కడికి పోతాయి, ఎన్నాళ్ళుంటాయి, వద్దంటే చెరిపేస్తారా? ఇది కాగితం మీద రాసివ్వమనాలి.

ఈ అయిదు ప్రశ్నలు పెట్టి చూస్తే, నా మట్టుకు డిజిట్‌కి ఎక్కువ మార్కులు పడ్డాయి. దానికి వచ్చింది ఒకటే పని. ఆ పని అది తనంతట తాను, హద్దులో ఉండి చేసింది. ఇంటికి వస్తామన్నవాటిలో ఏదీ ఇంకా పాసు కాలేదు.

మరి పల్టీ కొట్టే యంత్రానికి గిన్నె సర్దడం ఎందుకు కష్టం? హన్స్ మొరావెక్ అనే శాస్త్రజ్ఞుడు 1988లోనే ఈ వింత చెప్పాడు. పెద్దవాళ్ళకి కష్టమైన లెక్కలూ చదరంగం వంటి ఆటలూ యంత్రానికి తేలిక. ఏడాది పిల్లకి వచ్చే చూడటం, పట్టుకోవడం, నడవడం మాత్రం యంత్రానికి మహా కష్టం. గుడ్డునీ గరిటెనీ ఒకే బిగువుతో పట్టుకోం కదా మనం. సబ్బు నురగలో జారే గాజు గ్లాసుని ఎంత ఒత్తాలో మన వేళ్ళకి తెలుసు. ఆ తెలిసింది మాటల్లో చెప్పమంటే మనం చెప్పలేం. చెప్పలేనిది యంత్రానికి నేర్పడం ఎలా?

చేసి చూపించి నేర్పుతున్నారు. తమిళనాడులోని కరూరులో కొందరు పిల్లలు నుదుటికి కెమెరా కట్టుకుని, రోజంతా తువాళ్ళు మడత పెడుతూ వీడియోలు తీస్తున్నారని 2025లో ఒక అమెరికన్ పత్రిక రాసింది. చదువుకున్న యువకులే, ఉద్యోగంగా చేస్తున్నారు. ఆ చేతులు చూసి మరమనుషులు మడత నేర్చుకోవాలి. రేపు డల్లాస్‌లో ఒక యంత్రం తువాలు చక్కగా మడిస్తే, ఆ మడత వెనక మన పక్క రాష్ట్రపు చేతులున్నాయని గుర్తుంచుకోవాలి.

మా ఇంట్లో 12 ఏళ్ళుగా పని చేస్తున్నామెకి ఆ నియో వీడియో చూపించాను. తుడుపుగుడ్డ పట్టుకునే నిలబడి చూసింది. "మూడు సామాన్లకి అయిదు నిమిషాలా అమ్మగారూ! నేనిలా చేస్తే మీరూరుకుంటారా?" అని పకపకా నవ్వింది. "దీని ఖరీదెంతండీ?" అంది. 18 లక్షలన్నాను. నవ్వు ఆపేసింది. కాసేపాగి, "అయితే మా పని అంత కష్టమైందన్నమాట" అంది.

నాకు నోట మాట రాలేదు. మొన్న సంక్రాంతికి జీతం 500 పెంచమని అడిగితే, పది రోజులు ఆలోచించి, చూద్దాంలే అన్నదాన్ని నేనే. ఈ నెల నుంచి పెంచాను. గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుపడే చెప్తున్నాను. మన చేతి పనిని ఇంట్లోవాళ్ళు పనిగా లెక్క వేయరని మనం బాధపడతాం. మరి ఆమె చేతి పనికి మనం కట్టిన విలువెంత? లోకంలోని పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు గుమ్మరించి కూడా ఇంకా పట్టుకోలేకపోయిన విద్య అది.

మన పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ మరమనుషులు తిరగేసి మొదలుపెట్టాయి. రచ్చలో పల్టీలు కొట్టి చప్పట్లు కొట్టించుకున్నాయి, ఇంకా గడప దగ్గరే తడబడుతున్నాయి. ఎప్పటికీ రావని నేననను. ముసలివాళ్ళకి, ఒంటరివాళ్ళకి, మంచం పట్టినవాళ్ళకి నమ్మకమైన యంత్రం ఒకటి వస్తే అంతకన్న మేలేముంది? వచ్చిననాడు ఆ అయిదు ప్రశ్నలకీ జవాబు చెప్పి లోపలికి రానీయండి. చెప్పేదాకా గుమ్మం బయటే.

మా అమ్మాయికి అదే చెప్పాను. "ఇప్పుడు పేరు రాయించకు. పసిబిడ్డ, రెండేళ్ళవాడు ఉన్న ఇంట్లోకి ఇంకా నేర్చుకుంటున్న యంత్రం వద్దు. ఆ డబ్బుతో పురిటి రోజుల్లో గంటల లెక్కన సాయానికి వచ్చే మనిషిని చూసుకో. ఆవిడ పనికి సరిగ్గా కట్టివ్వు. రెండేళ్ళు పోయాక మళ్ళీ ఆలోచిద్దాం" అన్నాను.

అది అంతా విని, "అంతేలే అమ్మా. అయితే నువ్వు రాలేవా?" అంది.

ఏ జవాబూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే మోకాళ్ళ డాక్టరుగారి దగ్గర పేరు రాయించుకున్నాను.